ఎముక బలమంతా కాల్షియందేనా? కణబాహ్య మాత్రిక మీద పరిశోధన ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం

మీరు అడిగిన ప్రశ్నలు మూడు. ఎముక గట్టిదనం కాల్షియం వల్ల వస్తున్నప్పుడు, కణాల నడుమ ఖాళీలను పూడ్చే పదార్థమని పాఠ్యపుస్తకాలు ఒకటి రెండు పేరాల్లో చెప్పి వదిలేసే కణబాహ్య మాత్రిక (ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్) మీద ఒక శాస్త్రవేత్త జీవితకాలమంతా ఎందుకు పనిచేయాలన్నది మొదటిది. ఆ పరిశోధన వల్ల రోగులకు ఒరిగినదేమిటన్నది రెండోది. ఈ అంశం మీద పీహెచ్‌డీలో చేరబోతున్న మీరు ప్రయోగశాలలో అడుగుపెట్టే ముందు ఏం తెలుసుకోవాలన్నది మూడోది. నేను విశ్వవిద్యాలయంలో ఇరవై రెండేళ్లుగా ఎముక, మృదులాస్థి, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్‌ల మాత్రిక మీదే పనిచేస్తున్నాను. మొదటి ప్రశ్న వెనకున్న నమ్మకమే సరిగా లేదని నా అభిప్రాయం కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

చాలా పాత ప్రయోగం ఒకటుంది. సన్నని ఎముకను పలుచని ఆమ్లంలో కొన్ని రోజులు నానబెడితే ఖనిజమంతా కరిగిపోతుంది. ఎముక ఆకారం చెక్కుచెదరదు, కాని దాన్ని తాడులా ముడి వేయవచ్చు. అలాంటిదే మరొక ఎముకను కొలిమిలో బాగా కాలిస్తే సేంద్రియ పదార్థం పోయి ఖనిజం మాత్రం మిగులుతుంది. ఆకారం అప్పుడూ అలాగే ఉంటుంది, కాని చేత్తో పట్టుకుని కాస్త నొక్కితే సుద్దముక్కలా చిట్లిపోతుంది. ఖనిజం ఎముకకు బిరుసునిస్తుంది, వంగకుండా నిలబెడుతుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ శక్తిని తనలోకి తీసుకుని పగులు పాకకుండా ఆపేది మాత్రం కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులతో అల్లిన మాత్రిక. బరువు లెక్కన ఎముకలో దాదాపు 60 నుంచి 65 శాతం ఖనిజం, 10 శాతం నీరు, మిగిలినది సేంద్రియ పదార్థం. ఆ సేంద్రియ పదార్థంలో 90 శాతం వరకు ఒకటో రకం కొల్లాజెనే.

ఎముక సాంద్రత పెరిగితే బలమూ పెరుగుతుందని వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బతీసిన ఫలితం 1990లో వెలువడింది. రుతుక్రమం ఆగి, ఎముకలు గుల్లబారిన 202 మంది స్త్రీలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి నాలుగేళ్లపాటు రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు, రెండు వర్గాలకూ కాల్షియం ఇచ్చారు. ఫ్లోరైడ్ తీసుకున్నవారిలో నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు సరికదా, మిగతా ఎముకలు విరగడం ఎక్కువైంది. కొలిచే యంత్రంలో అంకె పెరిగినా, పెరిగిన ఆ ఖనిజం మాత్రికతో సవ్యంగా పెనవేసుకోలేదు. పాలరాతి ఎముకల జబ్బు అని పేరున్న ఆస్టియోపెట్రోసిస్‌లో ఎక్స్‌రేకి ఎముకలు తెల్లగా, నిండుగా కనబడతాయి, కాని చిన్న దెబ్బకే విరుగుతాయి. రెండో రకం మధుమేహం ఉన్నవారిలో సాంద్రత మామూలుగానో, కొంచెం ఎక్కువగానో ఉన్నా విరిగే ప్రమాదం మాత్రం ఎక్కువే. రక్తంలోని చక్కెర ఏళ్ల తరబడి కొల్లాజెన్ పోగులకు అంటుకుని, ఉండకూడని చోట్ల అడ్డుబంధాలు ఏర్పరచి, పోగులు ఒకదానిపై ఒకటి జారగల వెసులుబాటును తగ్గించడం దీనికి ఒక ముఖ్య కారణమని భావిస్తున్నారు.

మాత్రిక ఎంత ఉందన్న దానికన్నా ఎలా ఉందన్నది ముఖ్యమని నా విద్యార్థులకు చెప్పాలనుకున్నప్పుడు నేను పెళుసు ఎముకల జబ్బు, అంటే ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా లెక్క వేసి చూపిస్తాను. ఒకటో రకం కొల్లాజెన్ అణువులో మూడు పేటలుంటాయి, వాటిలో రెండు ఆల్ఫా-1, ఒకటి ఆల్ఫా-2. ఆల్ఫా-1 జన్యువు ప్రతులు రెండింటిలో ఒకటి పూర్తిగా మూగబోతే, శరీరం సగం కొల్లాజెన్ మాత్రమే తయారుచేస్తుంది, కాని తయారైన ప్రతి అణువూ మంచిదే. అలాంటివారికి వచ్చే జబ్బు సాధారణంగా తేలికపాటిది. అదే ప్రతి మూగబోకుండా, పేటలో ఒక గ్లైసిన్ స్థానంలో మరో అమైనో ఆమ్లం వచ్చేలా మారితే, చెడ్డ పేటలు మంచి పేటలతో కలిసిపోతాయి. రెండు ఆల్ఫా-1 పేటలూ మంచివై ఉండే అవకాశం నాలుగింట ఒకటి, కాబట్టి నాలుగింట మూడు అణువుల్లో కనీసం ఒక చెడ్డ పేట ఉంటుంది. జబ్బు తరచు చాలా తీవ్రంగా ఉంటుంది, కొన్ని మార్పుల వల్ల పుట్టుకలోనే ప్రాణం పోతుంది. సగమే ఉన్న మంచి మాత్రికతో బతకవచ్చు, అల్లిక చెడిన మాత్రికతో బతకడం కష్టం. నన్ను ఈ రంగంలో నిలిపి ఉంచినది ఈ ఒక్క విషయమే అంటే అతిశయోక్తి కాదు.

గ్లైసిన్‌కు అంత ప్రాముఖ్యం ఎందుకో కూడా చెప్పాలి. ఒక్కో పేటలో దాదాపు వెయ్యి అమైనో ఆమ్లాలుంటే, ప్రతి మూడోదీ గ్లైసినే. మూడు పేటలు పెనవేసుకున్నప్పుడు లోపలి ఇరుకులో పట్టగలిగేది అన్నిటికన్నా చిన్నదైన గ్లైసిన్ ఒక్కటే. ఈ మూడు పేటల అల్లిక నమూనాను 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. అయితే పేటలు అల్లుకున్నంత మాత్రాన పని పూర్తికాదు. పేటల్లోని ప్రోలిన్‌లో కొంత భాగానికి హైడ్రాక్సిల్ సమూహం చేరకపోతే ఆ అల్లిక 24 డిగ్రీల సెల్సియస్ దగ్గరే విడిపోతుంది, శరీరపు వేడికి నిలవదు. ఆ చేర్చే ఎంజైమ్ పనిచేయాలంటే విటమిన్ సి కావాలి. స్కర్వీ వచ్చిన నావికులకు ఎన్నో ఏళ్ల కిందట మానిన గాయాలు తిరిగి తెరుచుకున్నాయని 18వ శతాబ్దపు ఓడ ప్రయాణ వృత్తాంతాల్లో కనిపిస్తుంది. గాయపు మచ్చలోని కొల్లాజెన్ విరుగుతూ కొత్తది చేరుతూ ఉంటుంది కాబట్టి, కొత్తది సరిగా తయారుకానప్పుడు ముందుగా విడిపోయేది ఆ చోటే.

కణం దాటి బయటికి వచ్చాక అణువులు వరుసగా పేరుకుని పోగులవుతాయి. వాటిని ఒకదానికొకటి బిగించే పని లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది, దానికి రాగి అవసరం. స్వీట్ పీ అనే పూలమొక్క గింజలు తిన్న జంతువుల్లో ఎముకలు వంకరపోవడానికి, రక్తనాళాలు చిట్లడానికి కారణం ఆ గింజల్లోని ఒక పదార్థం ఈ ఎంజైమ్‌ను అడ్డుకోవడమే. ఇక్కడ ఒక మాట. కొల్లాజెన్ పొడి తాగితే అది నేరుగా ఎముకలో చేరుతుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. చేరదు. అది జీర్ణమై అమైనో ఆమ్లాలుగా, పొట్టి పెప్టైడ్‌లుగా విడిపోతుంది. మీరు పైన చదివిన అల్లిక, హైడ్రాక్సిలేషన్, బిగింపు అన్నీ మళ్లీ కణమే మొదటి నుంచీ చేసుకోవాలి.

ఇప్పుడు ఈ రంగంలో నాకు అత్యంత ఇష్టమైన ప్రశ్నకు వస్తాను. చర్మంలోనూ టెండన్‌లోనూ ఎముకలోనూ ఉన్నది ఒకటో రకం కొల్లాజెనే, రక్తంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అన్ని చోట్లకూ చేరుతూనే ఉన్నాయి. అలాంటప్పుడు ఎముక ఒక్కటే ఎందుకు గట్టిపడుతుంది? ఎముకను కట్టే కణాలైన ఆస్టియోబ్లాస్ట్‌లు ముందుగా ఖనిజం లేని మెత్తని మాత్రికను పరుస్తాయి, దాన్ని ఆస్టియాయిడ్ అంటాం. కొద్ది రోజులు గడిచాకే అందులో ఖనిజం దిగడం మొదలవుతుంది. కొల్లాజెన్ అణువులు 67 నానోమీటర్లకు ఒకసారి పునరావృతమయ్యే అమరికలో పేర్చి ఉంటాయి, ఒక అణువు చివరకూ తర్వాతి అణువు మొదలుకూ నడుమ ఖాళీలు ఉంటాయి. ఖనిజం ఎక్కువగా ఆ ఖాళీల్లో మొదలై, కొద్ది నానోమీటర్ల మందం గల పలకలుగా పోగుల వెంబడి పాకుతుంది. కాని ఆ ఖాళీలు టెండన్‌లోనూ ఉన్నాయి. తేడా అడ్డంకుల్లో ఉంది. శరీరమంతటా పైరోఫాస్ఫేట్ అనే చిన్న అణువు ఖనిజం ఏర్పడకుండా కాపలా కాస్తుంది, ఎముక కణాలు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్‌తో దాన్ని విరిచి ఆ కాపలాను తొలగిస్తాయి. 2005లో ఎలుకల చర్మ కణాలు ఈ ఎంజైమ్‌ను తయారుచేసేలా జన్యువును చేర్చి చూసినప్పుడు, ఎముకతో సంబంధమే లేని చర్మంలో ఖనిజం పేరుకుంది. దీనికి మరో వైపు ఉంది. ధమనుల గోడల్లో మ్యాట్రిక్స్ గ్లా ప్రోటీన్ అనే మరో కాపలాదారు ఉంటుంది, అది లేకుండా పుట్టిన ఎలుకల ధమనులు గట్టిపడిపోయి అవి రెండు నెలలలోపే చనిపోయాయి. కాబట్టి మెత్తగా ఉండవలసిన చోట మెత్తగా ఉండటం కూడా శరీరం అనుక్షణం చేస్తున్న పనే. గుండె కవాటాలు, రక్తనాళాలు గట్టిపడే జబ్బులను అర్థం చేసుకోవడానికి ఎముక మాత్రిక పరిశోధన తోడ్పడుతున్నది ఈ దారిలోనే.

ఇంతవరకు చెప్పినది మాత్రిక నిర్మాణం గురించి. మాత్రికను పూడిక అనుకోవడం ఎంత పొరపాటో అది కణాలకు చెప్పే సంగతులను చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. 1965లో మార్షల్ యూరిస్ట్ అనే ఎముకల శస్త్రవైద్యుడు ఖనిజం తీసేసిన ఎముక ముక్కలను జంతువుల కండరంలో అమర్చాడు. ఆ ముక్కల్లో బతికున్న కణం ఒక్కటీ లేదు. అయినా కొన్ని వారాల్లో వాటి చుట్టూ కండరం నడుమ మజ్జతో సహా కొత్త ఎముక పుట్టింది. మాత్రికలో దాగి ఉన్న సంకేతాలు చుట్టుపక్కల కణాలను పిలిచి ఎముక కణాలుగా మార్చాయన్నమాట. ఆ సంకేతాలకు బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్లని పేరు పెట్టారు, వాటి జన్యువులను గుర్తించడానికి 1988 దాకా పట్టింది, వాటిలో ఒకటి వెన్నుపూసలను కలిపే శస్త్రచికిత్సలో వాడటానికి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. రోగులకు ఒరిగినదేమిటన్న మీ ప్రశ్నకు ఇది ఒక సమాధానం. అయితే ఆ ప్రోటీన్‌ను మాత్రికలో సహజంగా ఉండే మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువగా స్పాంజిలో నింపి పెట్టవలసి రావడం వల్ల వాపు, కోరని చోట ఎముక పెరగడం వంటి ఇబ్బందులు వచ్చాయి. మాత్రిక అతి కొద్ది మోతాదును పట్టి ఉంచి, అవసరమైనప్పుడు అవసరమైనంతే విడుదల చేస్తుంది. ఆ నేర్పు మనకింకా పట్టుబడలేదు.

పాత ఎముకను తొలిచే ఆస్టియోక్లాస్ట్‌ల దగ్గర కూడా ఇదే జరుగుతుంది. అవి ఆమ్లంతో ఖనిజాన్ని కరిగించి, కెథెప్సిన్ కె అనే ఎంజైమ్‌తో కొల్లాజెన్‌ను తెంచుతాయి. అప్పుడు మాత్రికలో నిద్రాణంగా ఉన్న టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ విడుదలై, తొలిచిన చోటికి ఎముక కట్టే కణాలను రప్పిస్తుంది. కట్టేటప్పుడు దాచిపెట్టిన సంకేతం కూల్చేటప్పుడు బయటపడటం వల్లే కూల్చడం, కట్టడం జతగా సాగుతాయి. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది.

అన్ని మాత్రికలూ ఇలా మారవు. 1950లలో, 60ల మొదట్లో జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 బాగా పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఆ కాలంలో పెరిగినవారి మడమ టెండన్‌లో ఆ కార్బన్ ఎంత ఉందో కొలిచి, టెండన్ నడిమి భాగం దాదాపు 17 ఏళ్ల వయసు వరకు ఏర్పడి ఆ తర్వాత కొత్తది దాదాపుగా చేరదని 2013లో తేల్చారు. టెండన్‌కు తగిలిన దెబ్బ ఎందుకు పూర్తిగా మానదన్న దానికి ఇంతకన్నా సూటి వివరణ నేను చూడలేదు. కీళ్లలోని మృదులాస్థి సంగతీ అంతే. అందులో రెండో రకం కొల్లాజెన్ వల, దాని లోపల నీటిని పట్టి ఉంచే అగ్రికాన్ అనే పెద్ద అణువులు ఉంటాయి. అగ్రికాన్ పోతే తిరిగి కొంత చేరుతుంది, కొల్లాజెన్ వల ఒకసారి తెగితే పెద్దవయసులో తిరిగి అల్లుకోదు. కీళ్ల అరుగుదల జబ్బులో మందులతో నొప్పి తగ్గించగలుగుతున్నా అరిగిన పొరను తిరిగి రప్పించలేకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఇక పీహెచ్‌డీ విషయం. మీరు ముందుగా గుర్తుంచుకోవలసినది, కణాలను పెంచే ప్లాస్టిక్ పళ్లెం శరీరంలో ఎక్కడా లేని ప్రదేశమని. 2006లో మూలకణాలను వేర్వేరు బిరుసు గల జెల్‌ల మీద పెంచి చూసినప్పుడు, ఒక కిలోపాస్కల్ (బిరుసును కొలిచే ప్రమాణం) కంటే మెత్తని జెల్ మీద అవి నాడీకణాల వైపు, 10 కిలోపాస్కల్ ప్రాంతంలో కండర కణాల వైపు, 25 నుంచి 40 కిలోపాస్కల్ వద్ద ఎముక కణాల వైపు మొగ్గాయి. ప్లాస్టిక్ వీటికన్నా లక్షల రెట్లు బిరుసైనది. కణాలు ఇంటెగ్రిన్‌లనే గ్రాహకాలతో మాత్రికను పట్టుకుని లాగి చూస్తుంటాయి, అది ఎంత సాగితే అంతకు తగ్గట్టు తమ జన్యువుల పనిని మార్చుకుంటాయి. అందుచేత ప్లాస్టిక్ మీద వచ్చిన ఏ ఫలితాన్నైనా కనీసం ఒక మెత్తని ఆధారం మీద మరోసారి చూడకుండా కణజాలానికి వర్తింపజేయకండి.

రెండోది, కణాలు మాత్రికను నిజంగా అల్లుతున్నాయా అన్నది. పెంపక ద్రావణంలో విటమిన్ సి లేకపోతే కొల్లాజెన్ నిలవదని పైన చెప్పిన దాన్నిబట్టే తెలుస్తుంది, కాని మామూలు ఆస్కార్బిక్ ఆమ్లం 37 డిగ్రీల వద్ద కొన్ని గంటల్లోనే పాడైపోతుందన్న సంగతి కొత్తవారు తరచు మరిచిపోతారు. దాని ఫాస్ఫేట్ రూపం వాడండి.

మూడోదాన్ని నేను నష్టపోయి నేర్చుకున్నాను. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో ఎనిమిది నెలలపాటు, కాల్షియాన్ని ఎర్రగా చూపే అలిజరిన్ రెడ్ అద్దకంలో పళ్లాలు ఎర్రగా మెరుస్తుంటే నా కణాలు ఎముకను కడుతున్నాయని నమ్మాను. ద్రావణంలో ఫాస్ఫేట్ అందించే బీటా-గ్లిసరోఫాస్ఫేట్ ఎక్కువగా వేయడం వల్ల, కణాలు చనిపోతున్న చోట ఫాస్ఫేట్ దానంతటదే కాల్షియంతో కలిసి అవక్షేపంగా దిగుతున్నదని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు గాని తెలియలేదు. ఖనిజం కొల్లాజెన్ పోగుల వెంబడి లేదు, గుట్టలుగా పడి ఉంది. అప్పటికి రాసుకున్న ఒక పత్రాన్ని పూర్తిగా పక్కన పెట్టాను. అలిజరిన్ ఎరుపు కాల్షియం ఉందని చెబుతుంది, అది ఎముక అని చెప్పదు. ఖనిజం పోగులను అనుసరించి ఉందో లేదో మైక్రోస్కోప్‌లో, అది ఏ ఖనిజమో రామన్ లేదా ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో తేల్చుకోకుండా ఆ మాట రాయకండి. కొల్లాజెన్ విషయంలోనూ అంతే. హైడ్రాక్సీప్రోలిన్ పరీక్ష పరిమాణం చెబుతుంది. పోగులు ఏ దిశలో ఉన్నాయో, ఎంత బాగా బిగిసి ఉన్నాయో తెలియాలంటే సిరియస్ రెడ్ అద్దకాన్ని ధ్రువిత కాంతిలో చూడటం, సెకండ్ హార్మోనిక్ మైక్రోస్కోపీ, అడ్డుబంధాల రసాయన విశ్లేషణ వంటివి కావాలి.

కణాలను తొలగించి మాత్రికను మాత్రం మిగిల్చే డీసెల్యులరైజేషన్ ఇప్పుడు చాలామంది చేస్తున్నారు. మంచి పద్ధతే, కాని బలమైన డిటర్జెంట్లు అగ్రికాన్ వంటి ప్రోటియోగ్లైకాన్‌లను, వృద్ధి సంకేతాలను కూడా కొట్టుకుపోయేలా చేస్తాయి. ఏం మిగిలిందో ఎంత శ్రద్ధగా కొలుస్తారో ఏం పోయిందో కూడా అంతే శ్రద్ధగా కొలవండి. మ్యాట్రిజెల్ వాడేటప్పుడు అది ఎలుకల కణితి నుంచి తీసిన మిశ్రమమని, ఒక బ్యాచ్‌కూ మరో బ్యాచ్‌కూ తేడా ఉంటుందని, ఎముక మాత్రికతో దానికి పోలిక తక్కువని గుర్తుంచుకోండి.

మొదటి ఆరు నెలల్లో ఒకే ఒక నైపుణ్యం నేర్చుకోగలిగితే, ఖనిజం తీయకుండా ఎముకను మిథైల్ మెథాక్రిలేట్ అనే గట్టిపడే ప్లాస్టిక్‌లో పొదిగి, పలుచని పొరలుగా కోసి అద్దకం వేయడం నేర్చుకోమంటాను. చాలా ప్రయోగశాలలు పని సులువని ముందే ఖనిజాన్ని తీసేస్తాయి, దాంతో ఆస్టియాయిడ్‌కూ గట్టిపడిన ఎముకకూ ఉన్న హద్దు చెరిగిపోతుంది. గోల్డ్‌నర్ అద్దకం వేసిన పొరలో ఆస్టియాయిడ్ ఎర్రని అంచుగా, లోపలి ఎముక ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఆ అంచు మామూలుకన్నా మందంగా ఉంటే మాత్రిక పరుచుకుంటున్నా ఖనిజం దిగడం లేదని, అది అసలు కనబడకపోతే కొత్త మాత్రిక పరిచే పనే ఆగిందని అర్థం. మీ ప్రశ్న ఆ రెండింటిలో దేనికి చెందినదో తేలాకే ఏ జన్యువును, ఏ ప్రోటీన్‌ను వెతకాలో నిర్ణయించుకోండి.